మజిలీ, దాంపత్యం, నది: ‘ఆటోనౌతాస్’ యాత్రాగ్రంథంలో ఇద్దరి చూపు

యాత్రాగ్రంథంలో ప్రయాణించేవారు ఎందరైనా కనిపించేది సాధారణంగా ఒక్క ‘నేను’. పరివారం, బోయీలు, వెంట వచ్చిన ఇంటి స్త్రీలు ఆ ‘నేను’కు వెనుకగా నడుస్తారు. వారు చూసినది గ్రంథంలోకి రాదు. వచ్చినా రాసేవాడి చూపుగా మారి వస్తుంది. దంపతులు కలిసి చేసిన ప్రయాణాల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ఇద్దరు చూసిన నదిని ఒకరే వర్ణించినప్పుడు ఆ వర్ణన ఎవరిది? ఈ ప్రశ్నకు కథనరూపంలోనే సమాధానం వెదికిన గ్రంథం అర్జెంటీనా రచయిత హులియో కొర్తాసార్, ఆయన భార్య కరోల్ డన్‌లప్ కలిసి రాసిన ‘లోస్ ఆటోనౌతాస్ దె లా కోస్మోపిస్తా’. ‘విశ్వరహదారిపై కారునావికులు’ అని ఆ పేరును తెలుగు చేసుకోవచ్చు. 1983లో స్పానిష్‌లోను, ఫ్రెంచిలోను వెలువడిన ఈ గ్రంథానికి ఆన్ మెక్లీన్ చేసిన ఆంగ్లానువాదం 2007లో వచ్చింది.

1982 మే 23న ఈ దంపతులు ఎర్రని ఫోక్స్‌వాగన్ వాన్‌లో పారిస్ నుండి బయలుదేరి జూన్ 23న మార్సెయ్ చేరుకున్నారు. దూరం సుమారు 800 కిలోమీటర్లు. కారుకు ఒక పగటి ప్రయాణం. దానికి నెల రోజులు పట్టడానికి కారణం వారు తమకు తాము విధించుకున్న నియమాలు. రహదారిని ఒక్కసారి కూడా విడిచి బయటకు పోరాదు. దారి పక్కనున్న విరామస్థలాలన్నింటిలోను, రోజుకు రెండు చొప్పున, ఆగాలి. రెండవ దానిలోనే రాత్రి గడపాలి. ప్రతి స్థలాన్నీ శాస్త్రీయంగా పరిశీలించి నమోదు చేయాలి. పూర్వపు మహాన్వేషకుల వృత్తాంతాల తరహాలో యాత్రాగ్రంథం రాయాలి. కొన్ని విరామస్థలాలలో పెట్రోలు బంకు, భోజనశాల ఉంటాయి. చాలావాటిలో నాలుగు చెట్లు, బల్లలు, మరుగుదొడ్డి తప్ప మరేమీ ఉండవు. అటువంటి అరవైకి పైగా చోట్లు ఈ గ్రంథానికి భూగోళం.

ఈ రచనను ‘రాయుయెలా’ నవలాకారుని ఆటవిడుపుగా, చివరి రోజుల వినోదంగా పరిగణించే ధోరణి ఉంది. ఆ ధోరణిలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, నియమాన్ని కేవలం ఆటగా చూడటం. రెండు, రెండవ రచయితను సహయాత్రికురాలి స్థాయికి దించటం. ఈ రెండూ వేర్వేరు పొరపాట్లుగా కనిపించినా, ఒకదాని నుండి మరొకటి పుట్టినవే. నియమం ఏమి చేసిందో గమనించని పాఠకునికి ఆ నియమం వలన రచనలోకి వచ్చిన రెండవ గొంతు వినిపించదు.

మజిలీ – ఒక విమర్శపదంగా

ఈ నియమాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ‘మజిలీ’. అరబ్బీ మూలమైన ‘మంజిల్’ నుండి వచ్చిన ఈ మాట దిగిన చోటునూ చెబుతుంది, రెండు దిగుళ్ల మధ్య దూరాన్నీ చెబుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ నిర్మాణం మొత్తం ఈ మాట మీదనే నిలిచింది. 1830 మే 18న చెన్నపట్టణం విడిచి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆ యాత్రలో ప్రతి మజిలీకి దూరం, బాట తీరు, నీటి వసతి, దిగడానికి అనువైన చోటు, దొరికే సరుకులు నమోదయ్యాయి. దేశవర్ణన అక్కడ మజిలీల మొత్తం. ఊరికి ఊరు కలుపుకుంటూ పోగా మిగిలినదే దేశం.

కొర్తాసార్, డన్‌లప్‌ల గ్రంథం కూడా దినచర్య రూపంలోనే సాగుతుంది. ఉదయం ఏమి తిన్నారు, మధ్యాహ్నం ఏమి వండుకున్నారు, ఉష్ణోగ్రత ఎంత, ఏ వేళకు బయలుదేరి ఏ వేళకు చేరారు, నిలిపిన వాన్ ముఖం ఏ దిక్కుకు ఉంది – ఇవన్నీ గంభీరమైన పట్టికగా వస్తాయి. అన్వేషకుల గ్రంథాలకు ఇది వ్యంగ్యానుకరణ అనటంలో సందేహం లేదు. అయితే వ్యంగ్యంతోనే ఆగితే ఒక లెక్క తప్పిపోతుంది. 800 కిలోమీటర్లను ముప్పైరెండు రోజులకు పంచితే రోజుకు సగటున ఇరవై అయిదు కిలోమీటర్లు, ఇంచుమించు రెండామడలు. అంటే గంటకు వంద కిలోమీటర్లకు పైగా పోవడానికి కట్టిన బాట మీద ఈ దంపతులు పల్లకీ నడక నడిచారు. యంత్రవేగానికి ముందు మనిషి దేశాన్ని తెలుసుకున్న కొలతను ఆ వేగానికే అంకితమైన స్థలంలో తిరిగి ప్రవేశపెట్టడం ఈ గ్రంథం చేసిన మొదటి పని.

కొర్తాసార్ రచనలలో ఈ బాటకు పూర్వరంగం ఉంది. 1966 నాటి ‘దక్షిణ రహదారి’ కథలో ఇదే రహదారి మీద, పారిస్‌కు తిరిగివచ్చే కార్లన్నీ కదలకుండా రోజుల తరబడి నిలిచిపోతాయి. కార్ల పేర్లతోనే పిలవబడే మనుషులు నీళ్లు పంచుకుంటారు, రోగులను చూసుకుంటారు, ప్రేమించుకుంటారు. దారి తెరుచుకోగానే ఆ సమాజం క్షణంలో చెదిరిపోతుంది. ఆ కథలో ఆగటం విపత్తు. పదహారేళ్ల తరువాత అదే బాటపై ఆగటం ఎంపిక. కథలో కారు మనిషి పేరును మింగేసింది; యాత్రాగ్రంథంలో వాన్‌కే మనిషి తరహా పేరొకటి దక్కింది. వాగ్నర్ సంగీతనాటకంలోని డ్రాగన్ పేరు మీద దానిని ‘ఫాఫ్నర్’ అన్నారు. ఈ తారుమారును గమనించినవారికి యాత్రాగ్రంథం ఆటవిడుపు అనిపించదు.

మజిలీకి తెలుగులో మరొక అర్థచ్ఛాయ కూడా ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో మణిసిద్ధుడనే యతికి తోడుగా పోయే గోపడు మజిలీకొక కథ చెప్పాలన్న షరతు పెడతాడు. దిగిన ఊళ్లో తిరిగి ఏదో ఒక వింత చూసి వచ్చి దానిని గురించి అడుగుతాడు. యతి కథ చెబుతాడు. ఇక్కడ శ్రమవిభజన స్పష్టం. చూసేవాడు గోపడు, చెప్పేవాడు మణిసిద్ధుడు. చూసినవానికి అర్థం తెలియదు. అర్థం తెలిసినవాడు లేచి వెళ్లి చూడడు. కొర్తాసార్ దంపతులు కూడా ప్రతి విరామస్థలంలో దిగి, చుట్టూ తిరిగి, కనిపించిన చిన్న వింతకు ఒక కథ కట్టారు. చెత్తబుట్టలు, చీమల బారులు, పక్క వాహనంలోని కుటుంబం – దేనినైనా వారు పురాణం చేయగలరు. తేడా ఏమంటే, ఇక్కడ ఇద్దరూ చూస్తారు, ఇద్దరూ చెబుతారు.

నదిని చూపించేవాడు

దంపతుల ప్రయాణానికి భారతీయ కావ్యసంప్రదాయంలో స్థిరపడిన ఒక రూపం ఉంది. భర్త చూపిస్తాడు, భార్య చూస్తుంది. వాల్మీకి అయోధ్యాకాండ తొంభై అయిదవ సర్గలో రాముడు సీతకు మందాకినిని చూపుతాడు. వర్ణన మొత్తం ఆయనదే. కాళిదాసు రఘువంశం పదమూడవ సర్గ ఈ రూపానికి పరాకాష్ఠ. పుష్పకం సముద్రం మీది నుండి అయోధ్యకు సాగుతుంటే రాముడు ఒక్కొక్క స్థలాన్నీ సీతకు చూపుతూ పోతాడు. గోదావరి తీరంలో గడిపిన రోజులు, గంగాయమునల సంగమం – అన్నీ ఆయన మాటలలోనే వినిపిస్తాయి. ఆ సర్గలో సీత జ్ఞాపకం ఏమిటో తెలియదు. రాముడు చూపిన స్థలాలలో కొన్ని ఆమె అపహరణకు సాక్ష్యాలు. వాటిని చూసి ఆమె ఏమన్నదో కవి చెప్పలేదు.

వాల్మీకి సీత మాట్లాడని మనిషి కాదు. గంగ నడుమ నావలో చేతులు జోడించి నదికి మొక్కుకున్నది, యమునకూ మొక్కుకున్నది. తానెన్నడూ చూడని చెట్లూ తీగెలూ కనిపిస్తే వాటిని గురించి రాముణ్ణి అడిగింది. అరణ్యకాండ తొమ్మిదవ సర్గలో ఆయన ఆయుధధారణనే ప్రశ్నించింది. అయితే ఆ మాటలను రాముడి మాటలతో పోల్చి చూస్తే ఒక భేదం తేలుతుంది. రాముడు నదిని గురించి మాట్లాడతాడు, సీత నదితో మాట్లాడుతుంది. వర్ణన ఒకరిది, మొక్కు మరొకరిది. రెండవది కూడా నదిని చూసే పద్ధతే అయినా అలంకారశాస్త్రం దానిని వర్ణనగా లెక్కించలేదు.

శ్రీనాథుడు తెనిగించిన కాశీఖండ కథలో ఈ రూపానికి ఒక పగులు కనిపిస్తుంది. కాశిని విడిచి దక్షిణానికి వస్తున్న అగస్త్యుడు శ్రీశైలాన్ని చూసి, ఆ శిఖరదర్శనం పునర్జన్మ లేకుండా చేస్తుందని లోపాముద్రకు చెబుతాడు. అట్లయితే కాశిని గురించి ఇంత పరితాపం ఎందుకని ఆమె అడుగుతుంది. చూపించినవాడి మాటలోని వైరుద్ధ్యాన్ని చూస్తున్న మనిషి పట్టుకున్న సందర్భమిది. ప్రశ్న గొప్పది, ఆ తరువాతి కథనం మాత్రం మళ్లీ అగస్త్యుడిదే. లోపాముద్ర ప్రశ్న కథకు ప్రేరణగా మిగిలిపోయింది.

ఈ వరుసలో పెట్టి చూసినప్పుడు డన్‌లప్ చేసిన పని తెలుస్తుంది. ఆమె అడిగేది కాదు, రాసేది. అప్పటికే రచయిత్రి, అనువాదకురాలు, ఛాయాగ్రాహకురాలు. తన భాగాలను ఫ్రెంచిలో రాసింది. వాటిని స్పానిష్‌లోకి తెచ్చినది కొర్తాసార్. లోకప్రసిద్ధుడైన భర్త భార్య వాక్యాలకు అనువాదకుడు కావడం గ్రంథం వెలుపలి విషయం కాదు. ఇద్దరి రాత ఒకే భాషలో ఒకే పుట మీదికి రావడానికి ఒకరు మరొకరి మాటను పదం పదంగా విన్నారు. గ్రంథంలో వారి పేర్లు ‘లోబో’, ‘ఓసీతా’ – తోడేలు, ఎలుగుపిల్ల. తెలుగు చెవికి రెండవ పేరు సంబోధనలా వినిపించడం కేవలం యాదృచ్ఛికమే గాని, పై చర్చ తరువాత ఆ యాదృచ్ఛికతను గమనించకుండా ఉండటం కష్టం. చాలాచోట్ల రాసినవారి పేరు విడిగా కనిపించదు. తోడేలును బయటి నుండి చూసి చెబుతున్న చోట రాస్తున్నది ఎలుగుపిల్ల అని పాఠకుడు గ్రహించాలి. టైపురైటర్ ముందు కూర్చున్న పొడుగాటి మనిషిని, నిద్రపోతున్న చిన్న మనిషిని ఎదురెదురుగా చూసిన పుటలు ఈ పద్ధతిలో పుట్టాయి. వర్ణించేవాడు ఇక్కడ వర్ణితుడు కూడా అవుతాడు. రఘువంశ రాముడికి ఆ అవస్థ రాలేదు.

కనిపించని నదులు

ఈ దంపతులు నడిచినది నదుల దేశం. పారిస్ నుండి ఆగ్నేయంగా పోయే బాట సేన్ నదికి చేరే నీళ్లను వెనుక విడిచి, బర్గండీ ఎత్తులు దాటి, బోన్ దగ్గర సోన్ లోయలోకి దిగుతుంది. షాలోన్, మాకోన్ పట్టణాల మీదుగా లియోన్ వరకు సోన్ తోడు. లియోన్‌లో ఫూర్వియేర్ కొండ కింది సొరంగం దాటగానే సోన్, రోన్‌ల సంగమసీమ. అక్కడి నుండి వాలాన్స్, మోంతెలిమార్, ఓరాంజ్ వరకు బాట రోన్‌ను విడవదు. ఆ తరువాత దురాన్స్ నదిని దాటి మార్సెయ్‌కి మళ్లుతుంది. రోన్ తన దారిన పడమటగా కమార్గ్ బయళ్లలోకి పోయి సముద్రంలో కలుస్తుంది. నదితో అంత దూరం నడిచిన బాట సముద్రాన్ని మాత్రం వేరుగా చేరుకుంటుంది.

ఇంత నీటి వెంట పోయినా ఇది నదుల గ్రంథం కాదు. దానికి కారణం నియమంలోనే ఉంది. వీరాస్వామయ్యకు కృష్ణా గోదావరులు ఎదురైనప్పుడు ప్రయాణం ఆగవలసిందే. దాటించే సాధనం కావాలి, పరివారమంతా దాటాలి, స్నానసంకల్పాలు జరగాలి. నది ఆయనకు అడ్డంకీ, తీర్థమూ. రహదారికి నది ఒక వంతెన పొడవు మాత్రమే. బాటను విడిచి గట్టుకు దిగటం ఆటోనౌతుల నియమానికి విరుద్ధం. అందువలన మందాకిని వంటి దృశ్యం వారికి దక్కలేదు, చూపించేవాడికి చూపించడానికి ఏదీ మిగల్లేదు. ఈ లేమి వారికి మేలు చేసిందనే చెప్పాలి. ప్రసిద్ధ దృశ్యం ఎదుట ఉన్నప్పుడు తెలిసినవాడు చెప్పటం, తెలియని మనిషి వినటం సులభంగా జరిగిపోతుంది. పార్కింగ్ స్థలంలోని పైను చెట్టును గురించి ముందే తెలిసినవాడెవడూ లేడు. అక్కడ ఇద్దరూ ఒకే మెట్టు మీద మొదలుపెట్టారు.

అయితే ఈ మేలుకు వెల కూడా ఉంది. రోన్ లోయ కేవలం ప్రకృతిసీమ కాదు. 1952లో పనిచేయడం మొదలైన దోంజేర్-మోంద్రాగోన్ కాలువ, జలవిద్యుత్కేంద్రం నదినే పక్కకు మళ్లించాయి. త్రికస్తెన్ అణువిద్యుత్కేంద్రం ఈ యాత్రనాటికి కొత్తది. నది పని చేస్తున్న నది, మనుషులు పని చేస్తున్న లోయ. కొర్తాసార్ రాజకీయచైతన్యం అనుమానించదగినది కాదు. ఈ గ్రంథంపై వచ్చే హక్కుల ఆదాయాన్ని ఇద్దరూ నికరాగువా ప్రజలకే విడిచారు. అయినా రహదారి అంచుల మీద శ్రమించే మనుషులు గ్రంథంలో పొందిన చోటు, తోటకుర్చీలకు పెట్టిన ముద్దుపేర్లు పొందిన చోటుతో పోలిస్తే స్వల్పం. కొర్తాసార్ పూర్వనవల నుండి కలాక్, పోలాంకో అనే పాత్రలు వచ్చి వేళాకోళం చేసే పుటలు కూడా ఆ నవల ఎరుగని పాఠకుణ్ణి బయటే నిలబెడతాయి. మజిలీ పరిశీలనలో ఉన్న నిశితత్వం ఆ పుటలలో లేదు. దంపతులను ప్రతి విరామస్థలంలోను చూసి విస్తుపోతూ కొడుక్కి ఉత్తరాలు రాసే కల్పిత మాతృమూర్తి పుటలు ఇందుకు మినహాయింపు. తమను తాము మూడవ మనిషి కంటితో చూసుకోవడానికి ఆ ఉత్తరాలు ఉపకరించాయి. దారిన పోయే గృహిణికి ఈ జంట ఎంత అర్థరహితంగా కనిపిస్తుందో అవి ఒప్పుకుంటాయి. వీటిలోని హాస్యం గ్రంథంలోని మిగిలిన హాస్యం కంటే నిలకడైనది.

‘మేము’ మిగిలిన తీరు

ద్వికర్తృక రచనలో ‘మేము’ అనే సర్వనామం తేలికగా అలంకారమవుతుంది. తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. స్పానిష్‌లో, ఫ్రెంచిలో ఒకే రూపంగా ఉన్నది తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండుగా విడుతుంది. గ్రంథాన్ని తెలుగు చేయబూనితే ప్రతి వాక్యం దగ్గర ఈ నిర్ణయం తప్పదు. బయటి ప్రపంచానికి యాత్రను నివేదించే చోట అది ‘మేము’. ఒకరు రాసి మరొకరికి చదవనిచ్చిన చోట అది ‘మనము’ కావాలి. గ్రంథం మొదట్లో రహదారి సంస్థ అధికారికి రాసిన ఉత్తరంలోనిది నిస్సందేహంగా మొదటిది. రాత్రి వాన్‌లో తెరలు దించిన తరువాతి పుటలలో రెండవది. ఈ రెండింటి మధ్య రాకపోకలే గ్రంథపు అసలు ప్రయాణమని తెలుగు వ్యాకరణం చూపించగలదు. మూలభాషలలో చదివిన విమర్శకులకు ఈ భేదం రూపంలో కనిపించదు గనుక వారు దానిని స్వరభేదంగా మాత్రమే గుర్తించగలరు.

ఈ సర్వనామానికి పరీక్ష యాత్ర ముగిశాక వచ్చింది. యాత్ర నుండి వచ్చిన తరువాత ఇద్దరూ నికరాగువా వెళ్లారు. డన్‌లప్ అస్వస్థురాలై తిరిగివచ్చి 1982 నవంబరు 2న పారిస్‌లో మరణించింది. ఆమె వయస్సు ముప్పై ఆరు. కొర్తాసార్ ఆమె కంటే ముప్పై రెండేళ్లు పెద్ద. 1984 ఫిబ్రవరి 12న మరణించాడు. మోంపర్నాస్ శ్మశానవాటికలో ఇద్దరిదీ ఒకే సమాధి. ఈ జీవితవివరాలను గ్రంథానికి తాళంచెవిగా వాడటం విమర్శకు సుళువైన దారి. కొందరు పాఠకులు ప్రతి నవ్వులోను రానున్న మరణాన్ని వెదికారు. ఆ పఠనం డన్‌లప్‌కు మరొకసారి అన్యాయం చేస్తుంది. రచయిత్రిగా కాక విషాదకారణంగా ఆమెను నిలబెడుతుంది. పుటలు రాసిన రోజున ఆమెకు తెలిసినది ఆ రోజు ఎండ, ఆ రోజు కూర, పక్క చెట్టు మీది పిట్ట.

గ్రంథం చివర 1982 డిసెంబరు నాటి అనుబంధం ఉంది. గ్రంథాన్ని ఒంటరిగా పూర్తిచేసి కూర్చినది తానేనని కొర్తాసార్ పాఠకునికి చెబుతాడు. ఒకే సంగీతకృతిని వాయించే రెండు చేతుల పోలికతో తమ రచనను వివరిస్తాడు. అంతవరకు ఎడతెగక సాగిన బహువచనం ఆ పుటలలో ఏకవచనమవుతుంది. వ్యాకరణపరంగా ఇది గ్రంథంలో అతి పెద్ద మలుపు. వీరాస్వామయ్య తరహా ‘నేను’ ఎట్టకేలకు ఇక్కడ వచ్చింది, కాని పరివారాన్ని వెనుక నిలిపే ‘నేను’గా రాలేదు. రాసిన పుటలలో సగం తనవి కావని చెప్పడానికే వచ్చింది. దినచర్య పట్టిక ఆ అనుబంధంలో లేదు. ఉష్ణోగ్రత లేదు, భోజనం లేదు, ఫాఫ్నర్ ముఖం ఏ దిక్కుకు ఉన్నదో లేదు.